నీళ్లు ఒకటి, నీళ్లు రెండు

ఫిబ్రవరి 3, సోమవారం

ఆకు బతకలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

నిన్న రెండు మాటలు రాసి పుస్తకం మూసేశాను. కోపంలో నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తర్వాత నేనే చదువుకోలేను. ఇవాళ కుదురుగా రాస్తాను.

ఈ నెలాఖరున నా ఉద్యోగం అయిపోతుంది. ఇదే బడిలో ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పాను. వీడ్కోలు సభకి పాత విద్యార్థులు కూడా వస్తారట. పోయిన వారం ప్రిన్సిపాల్ స్టాఫ్ రూముకి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు.

"మేడమ్, ప్రసంగాలు ఎలాగూ తప్పవు. మీరు మాత్రం ఆ రోజు ఆకు పాఠం చెయ్యాల్సిందే. ల్యాబ్ రిపేరు కూడా అయిపోయింది కదా. అందరూ అదే అడుగుతున్నారు."

అడుగుతారని నాకు తెలుసు. బస్సులో, బ్యాంకులో, ఆస్పత్రి వరసలో, ఎక్కడ కనబడినా నా పాత పిల్లలు నేనెలా ఉన్నానని అడగరు. "మేడమ్, ఆకు ఇంకా బతుకుతోందా?" అంటారు. పిల్లల్ని చంకనేసుకున్న వాళ్లు కూడా అదే మాట.

రియో అనే కుండీ మొక్క ఆకు అడుగున ఊదారంగు పొర ఉంటుంది. దాన్ని సన్నగా చీల్చి గాజుపలక మీద నీటిచుక్కలో పరిస్తే, మైక్రోస్కోపులో ఆకు కణాలు ఊదా గదుల్లా వరసగా, నిండుగా కనబడతాయి. ఒక అంచున ఉప్పునీళ్లు వేసి, రెండో అంచున బ్లాటింగ్ కాగితం పెట్టి లాగాలి. గదుల్లోని నీళ్లు పొర దాటి బయటికి వచ్చేస్తాయి. ఊదారంగు గోడల్ని వదిలి, ముడుచుకుని, మధ్యలో ముద్దలా కూర్చుంటుంది. "అయ్యో, చచ్చిపోయింది!" అంటారు పిల్లలు. అప్పుడు మంచినీళ్లు. పోయిన నీళ్లు మళ్లీ పొర దాటి లోపలికి వెళ్తాయి. ఊదారంగు మెల్లగా పరుచుకుని గోడలకి ఆనుకుంటుంది. ఉప్పెక్కువ ఉన్న వైపుకి నీళ్లు వెళ్తాయి, సూత్రం అంతే. చెప్పడానికి ఒక నిమిషం చాలు. కానీ ఆకు తిరిగి వచ్చినప్పుడు నలభై మంది ఒకేసారి ఊపిరి వదిలే చప్పుడుంటుందే, దానికోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ల్యాబ్ పైకప్పు కారుతోందని నాలుగేళ్లు మూసేశారు. ఈ నాలుగేళ్లూ తెర మీద వీడియో చూపించాం. వీడియోలో ఆకుని చూసి ఎవరూ ఊపిరి బిగబట్టలేదు.

సోమవారం అంతా నా ల్యాబ్ పుస్తకం ప్రకారమే చేశాను. వంద మిల్లీలీటర్ల నీళ్లకి పదిహేను గ్రాముల ఉప్పు. ఆకు ముడుచుకుంది. మంచినీళ్లు పోశాను. తిరిగి రాలేదు. గదుల్లోంచి రంగు కారిపోయి పలక మీద పల్చగా పరుచుకుంది. పొర చచ్చిందంటే ఇక లోపలా లేదు, బయటా లేదు.

ఆకు ముదిరిపోయి ఉంటుంది. రేపు లేత ఆకు తెస్తాను.

ఫిబ్రవరి 5

లేత ఆకు. రాలేదు.

ఫిబ్రవరి 6

నీళ్లలో ఏదో ఉంది. ఇవాళ కాచి చల్లార్చిన నీళ్లు వాడాను. రాలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ రోజుల్లో ఉప్పు మంచిది దొరకడం లేదు. ఇంటికొచ్చి అక్కతో అదే అన్నాను. నాతోపాటు ఉంటున్న ఈ మహాతల్లి నన్ను ఎప్పుడూ ఊరికే వదలదు.

"ముందు ఆకు ముదిరిందన్నావు, తర్వాత నీళ్లు చెడ్డాయన్నావు, ఇప్పుడు ఉప్పుదా తప్పు? నువ్వొక్కదానివే బాగున్నావన్న మాట."

"నా చేతిలో ఇరవై రెండేళ్లు వచ్చింది అక్కా ఆ ఆకు."

"నీ చేతిలోనా, మీ ద్రావణం తాత చేతిలోనా?"

కూర మాడుతోందని చెప్పి లేచి వెళ్లాను. కూర మాడడం లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

అతని గురించి రాయకూడదనుకున్నాను. నా డైరీ, నా ఇష్టం. అయినా ఇవాళ ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుంటే ఆ మనిషి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

ల్యాబ్ అసిస్టెంటు. నేను చేరిన ఏడాదే అతనూ చేరాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను తరగతితో లోపలికి అడుగుపెట్టగానే చేతులు తుడుచుకుంటూ "ద్రావణం సిద్ధం మేడమ్" అనేవాడు. ఏ రోజు ఏ పాఠమైనా అదే మాట. కప్పని కోసే రోజు కూడా. అందుకే పిల్లలు ద్రావణం తాత అని పేరు పెట్టారు. మొదట్లో ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. తర్వాత అలవాటైంది. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక క్షణం వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్నో పిలుస్తున్నారని.

పొద్దున్నే ఆకు తనే కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. ఉప్పు ముందురోజే తూచి, కాగితంలో మడిచి, పొట్లం మీద 'పదిహేను గ్రా.' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. నేను పాఠం చెబుతుంటే నా మోచేతి పక్కన నిలబడి ఒక్కో సీసా అందించేవాడు. నేను చెయ్యి చాపి అందుకునేదాన్ని, అటు చూసేదాన్నే కాదు.

ఒకసారి ముందు వరసలో ఒక పిల్ల అడిగింది. "మేడమ్, నీళ్లన్నీ బయటికి పోతుంటే ఆకుకి నొప్పెడుతుందా?" తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను మాత్రం నవ్వకుండా, "నొప్పి సంగతి తెలీదమ్మా. దాహం మాత్రం వేస్తుంది. అందుకేగా మనం నీళ్లు పోసేది" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు డాక్టరు. సభకి వస్తానని రాసింది.

ఆ రోజులు బాగుండేవి. అందులో దాచుకోవాల్సిందేముంది, చాలా బాగుండేవి.

రేపు ఆదివారం. వెళ్లి కలిస్తే? బస్టాండు వెనక వీధిలో అల్లుడి కళ్లజోళ్ల షాపులో కూర్చుంటాడట.

ఫిబ్రవరి 9, ఆదివారం

వెళ్లలేదు. బట్టలు ఉతుక్కోవాల్సి వచ్చింది.

అసలు నేనెందుకు వెళ్లాలి? ఆ రోజు తప్పు నాది కాదు. ఇక్కడ ఒకసారి వరసగా రాస్తే నాకే నిమ్మళంగా ఉంటుంది.

నాలుగేళ్ల కిందట తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ల్యాబులో త్రాసు సరిగా తూచుతోందో లేదో చూద్దామని చేతికందిన ఉప్పు పొట్లం ఒకటి తీసి త్రాసులో పెట్టాడు. పొట్లం మీద పదిహేను. త్రాసులో ఐదు. ఇంకో పొట్లం పెట్టాడు. ఐదు. ఆయన నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను ద్రావణం తాత వైపు తిరిగి, "ఇన్నేళ్లూ నా పిల్లలకి అబద్ధం చూపించావా?" అన్నాను.

ఇరవై రెండేళ్లు 'మీరు' అన్న మనిషిని ఆ రోజు 'నువ్వు' అన్నాను.

అతను నన్ను చూశాడు. త్రాసుని చూశాడు. "అవును మేడమ్" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇంకా రెండు నెలల సర్వీసు ఉండగానే సెలవు పెట్టి వెళ్లిపోయాడు. అతని వీడ్కోలుకి కుర్చీలు వేశారు, టీ కాచారు, మనిషి మాత్రం రాలేదు.

పొట్లం మీద ఒకటి రాసి లోపల ఇంకోటి పెట్టడం తప్పు. సైన్సులో అది చాలా పెద్ద తప్పు. నేను అన్నదాంట్లో ఏముంది?

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ ప్రిన్సిపాల్ లైబ్రరీలో పాత పుస్తకాలు ఏరించింది. నేను చేరిన ఏడాది పాఠ్యపుస్తకం ఒకటి బయటపడితే, "మీకు గుర్తుగా ఉంటుంది మేడమ్" అని తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట ఊడిపోయి ఉంది. మధ్యాహ్నం ఖాళీ పీరియడులో తిరగేశాను.

ఎడమ పేజీలో బంగాళాదుంప ప్రయోగం: చక్కెర పదిహేను గ్రాములు. కుడి పేజీలో రియో ఆకు: ఉప్పు ఐదు గ్రాములు.

నేను చేరిన ఏడాది, ఉద్యోగం వచ్చిన హుషారులో, ప్రయోగాలన్నీ నా చేత్తో రాసి ల్యాబ్ పుస్తకం తయారుచేశాను. అప్పటి ప్రిన్సిపాల్ మెచ్చుకుని నలభై కాపీలు తీయించాడు. అప్పటినుంచీ అసలు పుస్తకం తెరిచింది లేదు. నా నోట్సు ఉండగా పుస్తకం దేనికి అనుకున్నాను.

పక్క పేజీ అంకెని ఎత్తి ఈ పేజీలో పెట్టింది నేను.

ఫిబ్రవరి 13

ఐదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఐదు గ్రాములతో చేశాను. ఎంత చక్కగా ముడుచుకుందో! మంచినీళ్లు పోశాను. నాలుగో వంతు గదులు తిరిగి వచ్చాయి. మిగిలినవి సగం దాకా ఉబ్బి టప్పున పగిలాయి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

అంటే ఇంకా ఏదో ఉంది. అది నాకు తెలియదు. ఇరవై రెండేళ్లు నేనే చేసిన ప్రయోగం నాకు తెలియదు!

అక్కకి అంతా చెప్పాను. వేళాకోళం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "నలుగురి ముందు అన్నావు కదే" అంది. అంతకంటే వేళాకోళం చేసినా బాగుండేది.

ఫిబ్రవరి 16, ఆదివారం

వెళ్దామని చీర కూడా మార్చుకున్నాను. వాన వచ్చేలా ఉంది. తలనొప్పి కూడా. వచ్చే ఆదివారం తప్పకుండా వెళ్తాను.

వాన రాలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

ల్యాబ్ అలమరలో కింది అరలో రెండు డ్రాపర్ సీసాలు దొరికాయి. ఎండిపోయి ఉన్నాయి. అవే గుండ్రటి అక్షరాలు. ఒకదాని మీద 'నీళ్లు ఒకటి', రెండోదాని మీద 'నీళ్లు రెండు'.

చూడగానే గుర్తొచ్చింది. "ముందు ఇది మేడమ్. ఇప్పుడు ఇది." ప్రతిసారీ అదే వరస. ఒకటి అయిపోతే రెండోది ఉంటుందని రెండు నింపుతున్నాడు కాబోలు అనుకునేదాన్ని. ఇవాళ ఒకటో సీసాని వెలుతురులో పెట్టి చూస్తే లోపల గాజుకి తెల్లటి చార అంటుకుని ఉంది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. పిల్లలు ఇలా చేస్తే తన్నేదాన్ని.

ఉప్పగా ఉంది.

మంచినీళ్ల సీసాలో ఉప్పు. ఎంత ఉప్పు? అది అతనొక్కడికే తెలుసు. ఈ ఒక్క సంగతి అడగడానికైనా వెళ్లాలి. ఆకు కోసం వెళ్తున్నాను, అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

వెళ్లాను.

షాపు చిన్నది. గోడ నిండా ఫ్రేములు. అతను గల్లా పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎవరి కళ్లద్దాలో తుడుస్తున్నాడు. మైక్రోస్కోపు కటకాలు తుడిచినట్టే, మధ్యలోంచి అంచుకి, గుండ్రంగా. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అప్పుడు సగమే తెలుపు.

ఏం చెప్పాలో పది రోజులుగా అద్దం ముందు అనుకున్నదంతా గాలికి పోయింది. చివరికి నా నోట వచ్చింది ఇదీ: "కళ్లజోడు కావాలండి."

"రండి మేడమ్, కూర్చోండి." లేచి నిలబడ్డాడు. నా అద్దాలు తీసుకున్నాడు, వెలుతురులో పెట్టి చూశాడు, గుడ్డతో తుడిచాడు. చదవమని పట్టిక చూపించాడు. చివరి వరస దాకా చదివేశాను.

"ఈ అద్దాలు భేషుగ్గా ఉన్నాయి కదా మేడమ్. కొత్తవి దేనికి?"

ఫ్రేము పాతబడిందన్నాను. సరే, ఫ్రేములు చూపించాడు. ఒకటి ఎంచాను. చీటీ రాశాడు, అవే గుండ్రటి అక్షరాలు. చీటీ నా చేతికిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆకు బతకట్లేదా మేడమ్?"

అక్కడ ఏడ్చాను. షాపులో ఇంకెవరూ లేరు, అదొక్కటే అదృష్టం. అంతా చెప్పాను. పక్క పేజీ అంకె సంగతి, పగిలిన గదుల సంగతి, సీసాలో ఉప్పు చార సంగతి. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"మొదటి ఏడాదే తెలుసు మేడమ్. మీ పుస్తకం ప్రకారం కలిపి ముందురోజు చేసి చూస్తే ఆకు చచ్చింది. పాఠ్యపుస్తకం తీసి చూశాను."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"అప్పటికే నలభై కాపీలు వచ్చేశాయి. మీరు కొత్త. ప్రిన్సిపాల్ గారు అందరికీ చూపించి మెచ్చుకుంటున్నారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. పొట్లం మీద మీ అంకె, లోపల పుస్తకం అంకె."

"ఆ నీళ్లు?"

"అది ఏ పుస్తకంలోనూ లేదు మేడమ్. ఐదుతో ముడుచుకున్నదానికి ఒక్కసారిగా మంచినీళ్లు పోస్తే తట్టుకోలేదు. ముందు సగం ఉప్పున్న నీళ్లు. రెండున్నర గ్రాములు. మూడు నిమిషాలు ఆగాలి. అప్పుడు మంచినీళ్లు. మీరు జ్వరమొచ్చి వారం రాలేదు చూడండి, అప్పుడు కనిపెట్టాను. మొక్క బోడిగా అయిపోయింది."

ఆ వారం మొక్కని పురుగు తినేసిందని నాతో చెప్పాడు. నేను నమ్మాను.

"ఆ అధికారి ముందైనా చెప్పాల్సింది. నేను అంత మాట అన్నాక కూడా..."

"ఆయన ముందు మీ తప్పు ఎలా చెప్తాను మేడమ్?" అన్నాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. తర్వాత కాసేపు గుడ్డ మడతపెట్టాడు. "మీరు తిట్టినందుకు కాదు. కిటికీ దగ్గర పిల్లలున్నారు. మర్నాడు కారిడార్లో నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. అంతే. ఇంక అక్కడ ఉండబుద్ధి కాలేదు."

సభకి రమ్మన్నాను. "ఆ గదిలోకి రాను మేడమ్" అన్నాడు, మర్యాదగానే.

కళ్లజోడు శనివారానికి సిద్ధమవుతుందట.

ఫిబ్రవరి 25

ముందు సగం ఉప్పు నీళ్లు, మూడు నిమిషాలు, తర్వాత మంచినీళ్లు. ఒక్క గది కూడా పగలలేదు. ఊదారంగు అంచు నుంచి అంచుకి నిండింది.

ల్యాబులో ఎవరూ లేరు. ఊపిరి వదిలే చప్పుడు నాదొక్కటే.

ఫిబ్రవరి 26, బుధవారం

నలుగురి ముందు అన్నాను కాబట్టి నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. అక్క అలా అనలేదు కానీ అలాగే చూస్తోంది.

కానీ అది నా చివరి రోజు. ఇరవై ఆరేళ్లకి మిగిలిన మంచి పేరు అదొక్కటే, ఆకుని బతికించే మేడమ్ అని. ఆ ఒక్క పేరూ నాది కాదని నేనే చెప్పాలా? ప్రిన్సిపాల్‌కి విడిగా ఒక ఉత్తరం రాసి ఇస్తే సరిపోతుందేమో. రాశాను కూడా. బాగానే వచ్చింది.

చింపేశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

ల్యాబ్ కిటకిటలాడిపోయింది. బల్లల మీద కూడా కూర్చున్నారు. మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి, ఆకు తెర మీద కనబడేలా ఏర్పాటు చేశారు. డాక్టరు పిల్ల ముందు వరసలోనే కూర్చుంది, అప్పటి చోటే. అక్క నా సంచీ ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చుంది.

నేను పలక మీద ఆకు పరుస్తుండగా గుమ్మం దగ్గర కదలిక. ద్రావణం తాత. ఎవరినీ పలకరించకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు సీసాలూ ఎత్తి వెలుతురులో చూశాడు. ఒకటో సీసా నా కుడి చేతి వైపుకి జరిపాడు. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పాత పిల్లలు కొందరు "తాతా!" అన్నారు. ఇంకొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లెవరో నాకు తెలుసు. ఆ కిటికీ బ్యాచి.

ఉప్పునీళ్లు వేశాను. తెర మీద ఊదా గదులు ఒక్కొక్కటే గోడలు వదిలి ముడుచుకున్నాయి. అందరూ నీళ్ల కోసం చూస్తున్నారు. బతికాక చెబితే చప్పట్లలో కొట్టుకుపోతుంది. ఇప్పుడే చెప్పాలి.

"నీళ్లు పోసేముందు ఒక మాట" అన్నాను. "మీ అందరికీ నేనిచ్చిన ల్యాబ్ పుస్తకంలో ఈ ప్రయోగానికి పదిహేను గ్రాముల ఉప్పు అని ఉంటుంది. అది తప్పు. ఐదే. పక్క పేజీ అంకె చూసి రాసింది నేను. నా పుస్తకం ప్రకారం చేస్తే ఈ ఆకు ఒక్కసారి కూడా బతికేది కాదు. ఇరవై రెండేళ్లు దీన్ని బతికించింది అదుగో, ఆ చివర కూర్చున్నాయన. నా పరువు పోకుండా పొట్లం మీద నా అంకె రాసి, లోపల సరైనంత ఉప్పు పెట్టారు. అది తెలిసిన రోజు నేను ఆయన్ని అబద్ధాలకోరన్నాను, ఇదే గదిలో, మీలో కొందరి ముందు. అబద్ధం నాది. నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను. మీ అందరి ముందూ అడుగుతున్నాను, ఎందుకంటే ఆ రోజు..."

"మేడమ్, ఆకు!"

ఆఖరి బెంచీలోంచి. లేచి నిలబడ్డాడు. "ఆకు ఉప్పులో ఉంది మేడమ్. మాటలు తర్వాత. నీళ్లు!"

గదంతా ఘొల్లుమని నవ్వింది. నేను ఏడుస్తూనే డ్రాపర్ అందుకున్నాను. నీళ్లు ఒకటి. అతను చేతి గడియారం చూసుకుంటూ నడిచి వచ్చి నా మోచేతి పక్కన నిలబడ్డాడు. మూడు నిమిషాలు ఆగాం. "ఇప్పుడు ఇది మేడమ్" అన్నాడు. నీళ్లు రెండు.

తెర మీద ఊదారంగు కదిలింది. మెల్లగా, తొందర లేకుండా, గోడల దాకా వచ్చి నిండింది. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. నాలుగేళ్లుగా వినని చప్పుడు.

కిటికీ బ్యాచి వాళ్లు ముందు వచ్చారు. నా దగ్గరికి కాదు, అతని దగ్గరికి. ఒకడు వంగి ఏదో అన్నాడు. అతను వాడి భుజం తట్టి, "పోనీలేరా" అన్నాడు. కళ్లు మాత్రం గుడ్డతో తుడుచుకున్నాడు, కళ్లద్దాలు కాదు.

అందరూ టీకి వెళ్లాక గదిలో మేమిద్దరమే పలకలు కడిగాం. అతను నా వైపు చూడకుండా పలకలు తుడుస్తూ పోయాడు. కోపమేమో అనుకున్నాను. చివరి పలక తుడిచి పెట్టెలో పెట్టి, అప్పుడు విసుక్కున్నాడు.

"ఇరవై రెండేళ్లు అంత జాగ్రత్తగా దాచాను. మూడు నిమిషాల్లో మొత్తం పారబోశారు కదా మేడమ్."

మార్చి 1, శనివారం

బడి లేని మొదటి రోజు. ల్యాబ్ పుస్తకంలో పదిహేను కొట్టేసి ఐదు రాశాను. దాని కింద రెండు సీసాల సంగతి, ఎవరు కనిపెట్టారన్నదీ అసలు పేరుతో సహా రాశాను. సోమవారం ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలి.

కళ్లజోడు సిద్ధమై ఉంటుంది. రేపు ఆదివారం తీరిగ్గా వెళ్లొచ్చు అంటోంది అక్క. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్తున్నాను.